వైఫై పెట్టె – గృహస్థుని బాధ్యత

కొన్ని మాసముల క్రిందట కోదాడ పట్టణమునుండి యొక యెరువుల వర్తకుడు మా కచేరీకి వచ్చెను. చేత నొక పోలీసు నోటీసు కలదు. ఒక యువతి ఛాయాచిత్రమును వికృతపఱచి, దానికి అసభ్యపు వ్రాత జోడించి, దొంగపేరుతో నెవరో లోకమునకు చాటిరి. ఆ పని జరిగిన యింటర్నెట్టు లైను ఈయన పేర నున్నది. కావున హాజరై సమాధానము చెప్పవలసినది. ఇది నోటీసు సారాంశము. ఆయన యేబదియేండ్లు దాటిన పెద్దమనిషి. ఫోనులో ధరవరలు చూచుకొనుట, హైదరాబాదులోని మనుమనితో ముచ్చటించుట దప్ప మఱొకటి యెఱుగడు. "వకీలు సాబ్, మా ఇంట్ల ఎవ్వలు గసొంటి పని జెయ్యలే, దేవుని మీద ఒట్టు" అని కన్నీరు పెట్టుకొనెను. మేము నమ్మితిమి. కాని కన్నీటిని న్యాయస్థానమున దాఖలు చేయ వీలులేదు గదా!

మీ వైఫై పాస్‌వర్డు ఎవరెవరికి తెలియునని యడిగితిమి. లైను బిగించిన పిల్లవాడే దానిని పెట్టెననియు, "యాదుంటదని నీ ఫోను నంబరే పెట్టిన కాకా" అని చెప్పిపోయెననియు ఆయన సెలవిచ్చెను. ఆ నంబరేదని మేమడుగ నక్కఱలేకపోయెను. ఆయన రసీదు పుస్తకము మీదను, ఎరువుల సంచులు మోసికొనిపోవు ఆటో వెనుకను, దుకాణపు బోర్డు మీదను అది మూరెడేసి యంకెలతో వ్రాయబడియున్నది. బజారున బోవు ప్రతివాడును చదువుకొనదగిన తాళపుచెవి యది!

ఇది యొక్క వర్తకుని కథ మాత్రమే యైనచో పత్రికాముఖమున వ్రాయ బనిలేదు. సూర్యాపేటలో మా బంధుమిత్రుల యిండ్లను, మిర్యాలగూడలో మా కక్షిదారుల యిండ్లను, దుకాణములను విచారించి చూచితిమి. పదింట ఎనిమిదింటి స్థితి యిట్లే యున్నదని చెప్పుటకు మా యొద్ద లెక్కల పట్టికలు లేవు గాని, మేమడిగినవారిలో తమ పెట్టె పాస్‌వర్డును తామే మార్చుకొన్నవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమంది మాత్రమే. తక్కినవారివి ఫోను నంబర్లు, పిల్లల పేర్లు, ఒకటి మొదలు ఎనిమిది వరకు వరుసగా వ్రాసిన అంకెలు. ఈ చివరిది పెట్టినవారిని ఏల పెట్టితిరని యడిగినచో, ఎనిమిది అక్షరములకు తక్కువైన పెట్టె యొప్పుకొనలేదని చెప్పిరి! ఒప్పుకొనియున్న యెడల నాలుగుతోనే సరిపుచ్చెడివారు కాబోలు.

పదేండ్ల క్రిందట ఈ మాట యంతగా పట్టించుకొన దగినది కాకపోవచ్చును. నేడట్లు కాదు. సర్కారువారి బి.యస్.యన్.యల్. మొదలు జియో, ఎయిర్‌టెల్ వంటి పెద్ద కంపెనీలును, ఊరి కేబుల్ టీవీ నడుపువారును పోటీపడి యింటింటికి ఫైబరు తీగె లాగుచున్నారు. మిషన్ భగీరథ నీటి గొట్టముల కొఱకు త్రవ్విన కందకములందే ఫైబరు గొట్టములనుగూడ పఱపించి, టీ-ఫైబర్ అను సంస్థ ద్వారా పల్లెలకును దీనిని అందించుటకు రాష్ట్రప్రభుత్వము పూనుకొనినది. తీగె యింటిలోనికి వచ్చినది. తీగె కొసన నొక పెట్టె గోడకు వ్రేలాడుచున్నది. ఆ పెట్టె మీది పచ్చదీపములు వెలుగుచున్నంతకాలము దానివంక చూచు నాథుడు లేడు. దీపము ఎఱ్ఱనైననాడు మాత్రము కేబుల్ పిల్లవానికి ఫోను చేయుదురు.

ఆ పెట్టె చేయు పని యేమి? ఫైబరులో వచ్చిన వార్తను గాలిలోని తరంగములుగా మార్చి యింటిలోని ఫోనులకు, కంప్యూటర్లకు, టీవీలకు, కెమెరాలకు పంచిపెట్టుట. ఈ తరంగములకు గోడ యడ్డు కాదు. 1895లో కలకత్తా టౌన్ హాలులో జగదీశచంద్ర వసువు తీగె లేకయే గోడలకవతల గంట మ్రోగించి, తుపాకిమందు ప్రేల్చి చూపినప్పుడు సభికులు దిగ్భ్రాంతులైరి. నాడు మన దేశీయుడు అద్భుతముగా ప్రదర్శించిన గుణమే నేడు మన యింట సామాన్యమైనది. మన పెట్టెలోని వార్త వంటింటిలోనికెంత సులభముగా పోవునో, ప్రక్కయింటి పడకగదిలోనికిని, వీధిలో నిలిపిన కారులోనికిని అంతే సులభముగా పోవును. ప్రహరీగోడ కట్టితిమి, ఇనుప గేటు పెట్టితిమి, కుక్కను పెంచితిమి అని ధైర్యపడుట తగదు. ఇవి యేవియు తరంగము నాపవు. దానినాపునది ఒక్క పాస్‌వర్డు మాత్రమే.

బ్రిటిషు ఇండియాలో 1933 నాటి వైర్‌లెస్ చట్టము ప్రకారము లైసెన్సు లేక రేడియో పెట్టె యుంచుకొనుటయే నేరము. పోస్టాఫీసులో రుసుము కట్టి పుస్తకము మీద ముద్ర వేయించుకొనిన సంగతి మా తండ్రుల తరమువారు చెప్పగా విన్నాము. తరంగములను పుచ్చుకొను పెట్టెకే అంత నిర్బంధము! నేడు మన యింటినుండి తరంగములను వెలువరించు పెట్టెకు లైసెన్సు లేదు. 2005లో 2.4 గిగాహెర్ట్‌జుల పట్టీని, 2018లో 5 గిగాహెర్ట్‌జుల పట్టీని కేంద్రప్రభుత్వము లైసెన్సు బంధమునుండి విముక్తము చేసినది. ఇది మంచి పని. అయితే లైసెన్సు అడుగువాడు లేనంతమాత్రమున బాధ్యత లేదని మనవారు తలచుచున్నారు. మా వాదమంతయు ఇక్కడనే యున్నది.

పెట్టెను బాగుచేసికొనుటకు ఇంజనీరు కావలసిన పనిలేదు. ఒక యరగంట తీఱిక చాలును. మొదట గ్రహింపవలసినది, ఈ పెట్టెకు తాళములు రెండు గలవు. ఫోనును వైఫైకి కలుపునప్పుడు అడుగు పాస్‌వర్డు ఒకటి. ఇది వీధితలుపు తాళము. పెట్టె లోపలి సెట్టింగులను తెఱచు పాస్‌వర్డు రెండవది. ఇది యినుప పెట్టె తాళము. మనవారిలో పెక్కుమంది మొదటి దానినే యెఱుగుదురు. రెండవదానిని కంపెనీ పెట్టినది పెట్టినట్లుగా, 'అడ్మిన్' అను పేరు, 'అడ్మిన్' అను పాస్‌వర్డుగానే వదలివేయుదురు. ఈ రెండవది తెలిసినవాడు మొదటిదానిని తనకు తానే చదువుకొనగలడు. మనలను బయటికి నెట్టి తలుపు వేసికొనగలడు. మనము బ్యాంకు వాకిలికి పోదలచినప్పుడు దొంగ వాకిలికి త్రోవ చూపగలడు.

పెట్టెను త్రిప్పి వెనుక చూడుడు. చిన్న చీటీ యంటింపబడి యుండును. దానిమీద 192.168.1.1 అనియో, 192.168.0.1 అనియో యంకెలు గలవు. పెట్టెకు కలిపిన ఫోనులోగాని కంప్యూటరులోగాని బ్రౌజరు తెఱచి, చిరునామా వ్రాయుచోట ఆ యంకెలను వ్రాసినచో పెట్టె లోపలి గది తెఱచుకొనును. మొట్టమొదట అడ్మిన్ పాస్‌వర్డును మార్చి, ఒక కాగితముమీద వ్రాసి, భూమి పట్టాలు దాచుచోట దాచుడు. పుస్తకములో వ్రాసికొనరాదని కొందఱు పండితులు చెప్పుదురు. మాకది సమ్మతము కాదు. బీరువాలోని కాగితమును దొంగిలింపవలెనన్న దొంగ యింటిలోనికి రావలెను. వైఫై దొంగ యింటిలోనికి రానే రాడు.

పిమ్మట వైర్‌లెస్ అను భాగము. అక్కడ 'సెక్యూరిటీ' అనుచోట నాలుగైదు పేర్లు కనబడును. వెప్ అనునది 1997 నాటిది. 2001 నాటికే పండితులు దాని లోపములను బయటపెట్టిరి. అది తాళము కాదు, తాళము బొమ్మ. 2004లో వచ్చిన డబ్ల్యూ.పి.ఎ.2 అనునది ఏ.ఇ.యస్. అను గుప్తలిపితో గూడియున్నయెడల నేటికిని గృహస్థునకు పనికివచ్చును. 2018లో వెలువడిన డబ్ల్యూ.పి.ఎ.3 అంతకంటె మేలు. మీ పెట్టెయు మీ ఫోనులును దానిని గ్రహింపగలిగినచో దానినే యెన్నుకొనుడు. 'ఓపెన్' అని యున్నచో తలుపే లేదని యర్థము. ఇంకొక్క మాట. నేటి పెట్టెలలో 2.4, 5 అను రెండు పట్టీలకు వేర్వేఱు పుటలుండును. ఒకదాని పాస్‌వర్డు మార్చి రెండవదానిని మఱచినవారిని మేము చూచితిమి. వాకిట తాళము వేసి పెరటితలుపు తీసియుంచుట వంటిదే యిది.

ఫోను నంబరు ఏల పనికిరాదో లెక్కవేసి చూపెదము. పది యంకెల నంబరు గదా, ఎవడు కనిపెట్టగలడని మనవారి ధైర్యము. మన దేశపు మొబైలు నంబర్లు 6 మొదలు 9 వరకు గల అంకెలతో ప్రారంభమగును. కావున వెరసి 400 కోట్లకు మించి యుండ వీలులేదు. డబ్ల్యూ.పి.ఎ.2 పెట్టెతో మీ ఫోను చేతులు కలుపునప్పుడు గాలిలో జరుగు సంభాషణను వీధిలోనుండి పట్టుకొనిన దొంగ, తన యింటికి పోయి తీఱికగా ఒక్కొక్క నంబరే దానికి సరిపెట్టి చూచుకొనగలడు. ఆటల కొఱకు కుఱ్ఱవాండ్రు కొనుకొను గ్రాఫిక్సు కార్డు సెకనుకు లక్షలకొలది నంబర్లను సరిచూడగలదు. అయిదు లక్షలని వేసికొన్నను 400 కోట్లకు పట్టు కాలము 8000 సెకన్లు, అనగా రెండు గంటల పదమూడు నిమిషములు. భారతదేశములోని సమస్తమైన ఫోను నంబర్లును ఒక సినిమా చూచునంత కాలములో ముగియును! బోర్డుమీద చదువుకొనువానికి ఆ శ్రమయు లేదు.

మఱి యెట్టిది పెట్టవలెను? సంబంధము లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో గ్రుచ్చి, నడుమ రెండంకెలు చేర్చుడు. రోకలి, నెమలి, శనగ, గొడుగు – ఇట్టి మాటల వరుస ఇరువది యక్షరములకు మించును, మీకు జ్ఞాపకముండును, యంత్రమునకు దుర్భేద్యము. (ఇప్పుడు మేము అచ్చువేసినందున ఈ నాలుగింటిని మాత్రము వాడకుడు.) వైఫై పేరునకు ఇంటి నంబరును, యజమాని పేరును, పెట్టె కంపెనీ పేరును పెట్టుట కూడ తగదు, ఆ తరంగము ఏ యింటిదో, ఆ పెట్టె యే జాతిదో దొంగకు మనమే యేల చెప్పవలెను? పేరును దాచివేసినచో క్షేమమని కొందఱందురు గాని, దానివలన లాభము స్వల్పము. వెదకువాని సాధనములకది దాగదు.

డబ్ల్యూ.పి.యస్. అను మీట యొకటి పెట్టెమీద నుండును. పాస్‌వర్డు వ్రాయు శ్రమ లేకుండ మీట నొక్కియో, ఎనిమిది యంకెల సంఖ్య చెప్పియో ఫోనును కలుపుకొను సదుపాయమిది. ఎనిమిది యంకెలన్న పది కోట్ల సంఖ్యలు గదా యని మోసపోరాదు. మొదటి నాలుగంకెలు సరిపోయినవా లేదా యని పెట్టె వేఱుగా చెప్పివేయును. కడపటి యంకె మిగిలినవానిని సరిచూచుటకు పెట్టిన గుర్తు మాత్రమే. కావున 10,000, ఆపై 1,000, మొత్తము 11,000 ప్రయత్నములలో పని ముగియునని 2011 డిసెంబరులోనే లోకమునకు వెల్లడియైనది. ఆ సదుపాయమును సెట్టింగులలో ఆపివేయుటయే శ్రేయము.

దూరమునుండి పెట్టెను తెఱచు సౌకర్యము, అనగా 'రిమోట్ మేనేజ్‌మెంటు', మీకక్కఱలేనిచో దానిని కూడ మూయుడు. అయితే లైను బాగుచేయుటకు కంపెనీవారే వాడుకొను మార్గమొకటి వేఱుగా నుండును. దానిని మూయుటకు ముందు వారినడుగుడు. ఫర్మ్‌వేరు అనబడు పెట్టెలోని ప్రోగ్రామును ఆఱు నెలలకొకసారియైన క్రొత్తది చేయవలెను. 2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము లోకములోని కెమెరాలను, రౌటర్లను లక్షలకొలదిగా తన వశము చేసికొని, ఆ సంవత్సరము అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టరు మొదలైన మహాసంస్థల వాకిళ్ళను కొన్ని గంటలపాటు మూయించెను. దాని యస్త్రమేమి? కంపెనీలు పెట్టిన పేరు-పాస్‌వర్డుల జతలు సుమారు 60! అడ్మిన్-అడ్మిన్ అందొకటి. మఱుసటి యేడు జూలైలో మన దేశమునందే బి.యస్.యన్.యల్. వాడుకదారుల మోడెములు వేలకొలదిగా ఇట్టి తెగులు సోకి మూగబోయెను. అడ్మిన్ అను పాస్‌వర్డును వెంటనే మార్చుకొనుడని ఆ సంస్థవారే ప్రకటించిరి. ఆ ప్రకటనను మన పట్టణములందు చదివినవారెందఱో, చదివి మార్చినవారెందఱో!

సిగ్నలు సంగతి కొంచెము చెప్పి విడిచెదము. పెట్టెను ఇనుప బీరువా వెనుకను, ఫ్రిజ్జు ప్రక్కను పెట్టి, సిగ్నలు రాలేదని కంపెనీని తిట్టుట న్యాయము కాదు. ఇంటి నడుమ, మనిషి తలయెత్తున పెట్టుడు. 2.4 పట్టీ దూరము పోవును, 5 పట్టీ వేగము పోవును. దుకాణములు గోడకు గోడ యానుకొనియున్న బజారులో 2.4 పట్టీకి 1, 6, 11 అను ఛానెళ్ళలో పొరుగువారు తక్కువగా వాడుచున్నదాని నెన్నుకొనుడు.

ఇంత చెప్పగా మిర్యాలగూడలో నొక మిత్రుడు మాకెదురు చెప్పెను. "ప్రక్కింటి పేదపిల్లవాడు మా వైఫైతో పాఠములు వినుచున్నాడు. నాకు నెలకు కట్టు రుసుము కట్టుటయే. వాడు వాడుకొన్నంతమాత్రమున నాకేమి తరుగును? వేసవిలో చలివేంద్రము పెట్టిన నేల మనది. తాళము వేయుట పిసినారితనము కాదా?" ఈ మాట కొట్టివేయదగినది కాదు. కరోనా కాలమున బడులు మూతపడినప్పుడు పొరుగువారి వైఫైతోనే చదువు సాగించిన పిల్లలను మనమెల్లరము ఎఱుగుదుము. కాని చలివేంద్రములో మనము కుండను వాకిట పెట్టుదుము. వంటింటి తలుపులు తీసియుంచము.

ఈ ధర్మమునకు పెట్టెలోనే యొక యుపాయము కలదు. 'గెస్టు నెట్‌వర్కు' అను మీటను తెఱచి, దానికి వేఱు పేరు, వేఱు పాస్‌వర్డు పెట్టినచో, వచ్చినవారు ఇంటర్నెట్టును వాడుకొందురు గాని మన కంప్యూటర్లను, కెమెరాలను తాకజాలరు. మిర్యాలగూడ రైసుమిల్లులవారికి దీనిని ప్రత్యేకముగా మనవి చేయుచున్నాము. కాటా కంప్యూటరు, గేటు కెమెరాలు, గుమాస్తా లెక్కలు, బ్యాంకుకు లక్షలు పంపు ఫోను, ధాన్యము తెచ్చిన లారీ డ్రైవరు సినిమా చూచుకొను ఫోను – అన్నియు ఒకే వైఫై మీద నున్న మిల్లులను మేము చూచితిమి. డ్రైవరును తప్పుపట్టుట లేదు. రాత్రియంతయు వంతుకు కాచియుండువాడు సినిమా చూడక యేమి చేయును? ఆయనను వేఱు గదిలో కూర్చుండబెట్టుడనియే మా మాట. కెమెరాలను కూడ వేఱుచేయగలిగినచో మఱియు మంచిది. ఇంటిలోపలి కెమెరాలు స్త్రీల, పిల్లల మర్యాదకు సంబంధించిన వస్తువులు.

అయితే వకీలుగా నొక హెచ్చరిక చేయక తప్పదు. గెస్టు నెట్‌వర్కు మన సొత్తును కాపాడును గాని మన పేరును కాపాడదు. ఇంటిలో పది ఫోనులున్నను బయటి ప్రపంచమునకు కనబడు చిరునామా ఒక్కటే. అతిథి చేసిన పనియు ఆ చిరునామా మీదనే నమోదగును. కంపెనీ పుస్తకములలో ఆ చిరునామాకెదురుగా వ్రాసియుండునది బిల్లు కట్టువాని పేరు. కావున ఎఱిగినవారికే యిచ్చి, నెలకొకసారి మార్చుడు. జాతీయరహదారి మీది సూర్యాపేట, కోదాడ హోటళ్ళవారు దారిన బోవువారికందఱికి వైఫై ఇయ్యదలచినచో, 2020 డిసెంబరులో కేంద్రమంత్రివర్గ మంగీకరించిన పి.యం.-వాణి పద్ధతి కలదు. వాడుకొనువాని ఫోనుకు సంఖ్య పంపి, వాడెవడో గుర్తుంచుకొను పద్ధతి యది. గల్లాపెట్టె వెనుక గోడకు పాస్‌వర్డు అంటించుటకంటె అది వేయిరెట్లు మేలు. కోదాడలో విద్యార్థులకు గదులు అద్దెకిచ్చి, మూడంతస్తులకు ఒకే లైను పంచు యజమానులు ఇంకను జాగ్రత్తపడవలెను.

తెఱచియున్న వైఫై యెంతదూరము పోవునో 2008లో దేశము చూచినది. ఆ యేడు జూలై 26న అహమ్మదాబాదులో బాంబులు ప్రేలుటకు కొన్ని నిమిషముల ముందు పత్రికలకు బెదిరింపు జాబు వచ్చెను. పోలీసులు ఆ జాబు జాడ పట్టుకొనిపోగా నవీ ముంబైలో నొక అమెరికా దేశస్థుని యిల్లు వచ్చెను. ఆయన వైఫైని అన్యులు వాడుకొనిరని తుదకు తేలినది; కాని తేలులోపల ఆయన పడిన ప్రశ్నలెన్ని, పోయిన పరువెంత! సెప్టెంబరు ఢిల్లీ ప్రేలుళ్ళ నాటి జాబు ముంబైలోని చెంబూరులో నొక వ్యాపారసంస్థ వైఫైనుండి పోయెను. పిమ్మట 2009లో ముంబై పోలీసులు తాళములేని వైఫై యెక్కడున్నదో వీధులవెంట వెదకుటకు పూనుకొనిరి. ఫిబ్రవరిలో కేంద్ర టెలికాం శాఖ వైఫై భద్రతను గూర్చి కంపెనీలకు ఉత్తరువులు పంపినది.

చట్టమును గూర్చి జనులలో రెండు తప్పుడు తలంపులు గలవు. లైను ఎవని పేరనున్నదో వాడే నేరస్థుడని యొకటి. అది నిజము కాదు. నేరము చేసినవాడెవడో ప్రాసిక్యూషనువారు రుజువు చేయవలసినదే. చిరునామా ఒక జాడ మాత్రమే గాని తీర్పు కాదు. నిర్దోషికి భయమేమని రెండవది. ఇదియు నిజము కాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షను క్రింద ఫోనులను, కంప్యూటర్లను హాజరుపఱుపుమని యడుగవచ్చును. ఫోను పోయినచో వర్తకునికి లెక్కలు పోయినవి, బ్యాంకు పోయినది, బాకీదారుల నంబర్లు పోయినవి. అది నేరముపై శిక్ష కాదు, ఏమఱుపాటుకు మూల్యము. ఇక పరాయి వైఫైలో చొరబడు కుఱ్ఱవాండ్రును ఒక మాట వినవలెను. యజమాని యనుమతి లేక నెట్‌వర్కులో ప్రవేశించుట 2000 నాటి ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టము 43వ సెక్షనునకు విరుద్ధము. దురుద్దేశముతో చేసినచో 66వ సెక్షను క్రింద మూడేండ్ల వరకు ఖైదు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా. ఇతరుని పాస్‌వర్డును మోసపుబుద్ధితో వాడుట 66-సి క్రింద వేఱు నేరము. తమాషాకు చేసితిమనుట న్యాయస్థానమున చెల్లదు.

గృహస్థునే తప్పుపట్టి ఊరకొనుట ధర్మము కాదు. లైను బిగించువారికి దినమునకు ఇన్ని యిండ్లని లెక్క. ఒక్కొక్క యింట యరగంట కూర్చుండి బోధించుటకు వారికి కూలి యెవ్వరిచ్చెదరు? తప్పు పిల్లవానిది కాదు, వానిని పంపినవారిది. ప్రతి పెట్టెకు వేర్వేఱు పాస్‌వర్డు పెట్టి పంపుటయు, రెండు తాళములను మార్చు విధానమును ఒక పుటలో తెలుగున అచ్చువేసి బిల్లుతో నిచ్చుటయు కంపెనీలకు భారమా? కాలిఫోర్నియా రాష్ట్రములో 2020 జనవరి నుండి, ఇంగ్లాండున 2024 ఏప్రిల్ 29 నుండి, అన్ని పెట్టెలకు ఒకే పాస్‌వర్డు పెట్టి యమ్ముట చట్టవిరుద్ధము. మన టెలికాం శాఖయు బెంగళూరులో నొక కేంద్రమును నెలకొల్పి రౌటర్లకు, వైఫై పెట్టెలకు భద్రతా ప్రమాణములు వ్రాయించినది. కాని ఆ ప్రమాణములు రాబోవు పెట్టెలకు. ఇప్పటికే మన గోడలకు వ్రేలాడుచున్న పెట్టెలను బెంగళూరువారు వచ్చి తెఱవరు.

కావున మన పఠనమందిరములవారిని, కళాశాల విద్యార్థులను కోరుచున్నాము. వారమునకొక ఆదివారము, వీధికొక్క జట్టుగా, ముసలివారి యిండ్లకు పోయి ఈ పని చేసిపెట్టుడు. క్రొత్త పాస్‌వర్డును ఇంటివారే తమ చేతితో వ్రాయవలెను. మీరు ముఖము త్రిప్పుకొనవలెను. పెట్టెలోని పరికరముల పట్టికను వారికి చూపి, ఏది ఎవరిదో అడుగుడు. పాస్‌వర్డు మార్చిన పిమ్మట టీవీని, కెమెరాలను మరల కలిపి మఱి కదలుడు. లేనిచో మఱునాడే ఇంటివారు విసిగి పాతదే పెట్టించుకొందురు. పెట్టె వెనుక సూదితో పొడుచు 'రీసెట్' రంధ్రము జోలికి మాత్రము పోకుడు. దానిని పది సెకన్లు నొక్కినచో పాస్‌వర్డులతోబాటు కంపెనీవారు పెట్టిన లైను వివరములును చెరిగి, ఇంటర్నెట్టే నిలిచిపోవును.

ఈ వ్యాసము వ్రాయబోవుచు మా యింటి పెట్టెనే తెఱచి చూచితిమి. సిగ్గువిడిచి చెప్పుచున్నాము. మా పాస్‌వర్డు మా కచేరీ ఫోను నంబరే. అది మా నామఫలకము మీద కలదు. పట్టికలో పదునొకండు పరికరములున్నవి. ఏడు మావి. ఒకటి రెండేండ్ల క్రిందట మమ్ము విడిచిపోయిన గుమాస్తాది. ఆయన యిల్లు మా వీధిలోనిదే. ఒకటి ప్రక్కింటి ఇంటర్మీడియెటు పిల్లవానిది. వానికి గెస్టు నెట్‌వర్కు ఇచ్చితిమి. మిగిలిన రెండును ఎవరివో నేటికిని తెలియలేదు. పాస్‌వర్డు మార్చిన నాటి సాయంకాలమే అవి పట్టికనుండి మాయమయ్యెను. మఱునాడు ఎవ్వరును వచ్చి యడుగలేదు.

కోదాడ వర్తకుని సంగతి ముగియలేదు. ఆయనవి, ఆయన కుమారునివి, మేడమీద నద్దెకున్న యుపాధ్యాయునివి, మొత్తము నాలుగు ఫోనులు పరీక్షకు పోయినవి. ఆ యువతి తండ్రియు ఆ వీధివాడే. దుకాణము ముందునుండి పోవునప్పుడు ముఖము త్రిప్పుకొని పోవుచున్నాడట. ఎరువుల కాలము వచ్చినది. బాకీల చిట్టా ఫోనులో నుండిపోయెనని వర్తకుడు మొన్న మాతో చెప్పెను. దుకాణపు బోర్డుమీద నంబరును మాత్రము తెల్లరంగుతో కప్పివేసెను. వైఫై పాస్‌వర్డు మార్చితిరా యని యడిగితిమి. కేబుల్ పిల్లవాడు వత్తునని రాలేదని చెప్పెను. మేమే పోయి మార్చి వచ్చితిమి.